నేరేడు చీజ్ కేకూ, మా అత్తగారి కాశీ మాటా

చీజ్ కేకు అనగానే మీలో సగం మంది ఈ పేజీ తిప్పేస్తారని నాకు తెలుసు. ఓవెన్ లేదు, ఆ చీజ్ ఏదో మన ఊళ్ళో దొరకదు, మనకెందుకొచ్చిన గొడవ అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఓవెన్ అక్కర్లేదు, ఆ చీజూ అక్కర్లేదు. కావలసింది కాస్త ఓపికా, ఫ్రిజ్జూనూ. ఇంకొకటి కూడా ఉంది, దాని గురించే ఇంత రాయాల్సి వచ్చింది. ప్యాకెట్టు మీద ఏం రాసుందో చదివే అలవాటు!

2023 జూన్‌లో మా అమ్మాయి వాళ్ళు అమెరికా నుంచి శ్రీకాకుళం వచ్చారు. మనవరాలికి తొమ్మిదో పుట్టినరోజు ఇక్కడే. రావడానికి రెండు వారాల ముందే ఫోనులో, "అమ్మమ్మా, నా బర్త్‌డేకి బెర్రీ చీజ్ కేక్ చేస్తావా?" అంది. నేను చేస్తానన్నాను. అదేమిటో తెలియకుండానే అన్నాను, మనవరాలు అడిగితే ఏ అమ్మమ్మ మాత్రం కాదంటుంది చెప్పండి?

తరవాత కూర్చుని ఆలోచిస్తే ఒక్కటీ మన దగ్గర లేదు. క్రీమ్ చీజ్ అనేది 1870లలో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పాల వ్యాపారి మొదలుపెట్టిన సరుకట. విశాఖపట్నం పెద్ద కొట్లలో దొరుకుతుంది గానీ, ఆ ఎండల్లో బస్సులో తెచ్చేసరికి అది మజ్జిగైపోతుంది. ఇక బెర్రీలంటారా, మన లంబసింగి కొండల్లో స్ట్రాబెర్రీలు పండిస్తున్నారు, నిజమే. కానీ అవి శీతాకాలం పంట. జూన్ నెలలో ఎక్కణ్ణించి వస్తాయి? జూన్‌లో మనకి వచ్చేవి నేరేడు పళ్ళు. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర గంపలో నిగనిగలాడుతూ కనిపించగానే, ఇదే మన బెర్రీ అనుకున్నాను. తరవాత మా అల్లుడు చెప్పాడు, మొక్కల శాస్త్రం లెక్కలో నేరేడు నిజంగానే బెర్రీయేనట, స్ట్రాబెర్రీ మాత్రం కాదట! ఆ లెక్కన వంకాయ కూడా బెర్రీయే అన్నాడు. వంకాయతో కేకు మాత్రం నేను చెయ్యను.

వాళ్ళు రావడానికి వారం ముందు ఒకసారి చేసి చూద్దామనుకున్నాను. మా వీధిలో ఒకమ్మాయి ఇంట్లో పుడ్డింగులూ అవీ చేస్తుంది. "పెరుగు మూట కట్టండి ఆంటీ, బిస్కెట్ల పొడి మీద వెయ్యండి, గట్టిపడటానికి జెలటిన్ కలపండి" అంది. ఒక కొట్లో జెలటిన్ అడిగితే చిన్న ప్లాస్టిక్ కవరులో తెల్లటి పొడి పోసి ఇచ్చాడు. దాని మీద పేరూ లేదు, గుర్తూ లేదు. పంచదారలాగా ఇదీ ఒక పొడి అనుకున్నాను.

చెప్పొద్దూ, ఆ కేకు ఎంత బాగా కుదిరిందో! చాకు పెడితే వెన్నలా దిగింది. మా అత్తగారికి ఎనభై రెండేళ్ళు, పళ్ళు నాలుగే మిగిలాయి. ఆవిడకి గిన్నెలో వేసిస్తే చెంచాతో తింటూ, "జున్నులా ఉందే! ఇంకో ముక్క పెట్టు" అన్నారు. పెట్టాను. ఆవిడ ఏదైనా రెండోసారి అడిగి ఎన్నేళ్ళయిందో.

ఆ రాత్రి మా అమ్మాయికి ఫోనులో గొప్పగా చెప్పాను. "ఏం వేసి గట్టిపరిచావమ్మా?" అంది. జెలటిన్ అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. తరవాత మెల్లగా, "మామ్మకి పెట్టావా?" అంది.

జెలటిన్ అంటే పశువుల చర్మం, ఎముకలు ఉడికించి తీసేదట.

మా ఇంట్లో చేపలూ మాంసమూ మామూలే. మరి అత్తగారి సంగతంటే, మా మామగారు 2011లో పోయారు. మరుసటేడు కాశీ తీసుకెళ్తే ఆవిడ గంగలో మునిగి నీచు మొత్తం వదిలేశారు. కాశీలో ఇష్టమైనదేదో ఒకటి వదిలెయ్యాలంటారు కదా, అందరూ ఏ కాయో పండో, తమకి అంతగా నచ్చని కూరో వదిలేసి వస్తారు. ఈవిడ చేపల పులుసు వదిలేశారు. అది లేకపోతే అన్నం సయించని మనిషి! ఆ రోజు నుంచి మా వంటింట్లో ఆవిడ గిన్నెలు వేరు, గరిటెలు వేరు, పొయ్యి మీద వరస కూడా ఆవిడదే ముందు. పెళ్ళిళ్ళకి వెళ్ళినా బయట ముద్ద ముట్టరు. "మా కోడలు చేతిదైతే ఏటేసిందో దానికి తెలుసు, నాకు బెంగ లేదు" అంటారు.

మీరే చెప్పండి, ఇప్పుడు నేనేం చెయ్యాలి?

మావారు, "చెప్పకు. తెలియక జరిగింది. చెబితే ఆవిడ మనసు కష్టపెట్టడం తప్ప లాభమేముంది?" అన్నారు. మా అమ్మాయీ అదే అంది. వాళ్ళన్నదీ నిజమే. రెండు రోజులు నేనూ నోరు మూసుకున్నాను. కానీ ఆవిడకి కంచం పెట్టేటప్పుడల్లా చెయ్యి ఆగేది. ఏటేసిందో దానికి తెలుసు అన్న మాట మీద కదా ఆవిడ అన్నం తింటున్నారు! పాపం సంగతి దేవుడెరుగు, ఆ నమ్మకం మీద నేను దర్జాగా కూర్చోలేకపోయాను. మూడో రోజు పొద్దున్న ఆవిడ దీపం పెట్టుకుని లేచాక ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆవిడ నా వైపు చూశారు. "కావాలని పెట్టేవేటి?" అన్నారు.

"లేదత్తయ్యా. నాకు తెలీదు."

మరో మాట అనలేదు. పెరట్లోకి వెళ్ళి తలారా పోసుకున్నారు. ఆ రోజు అన్నం తినలేదు, రెండు అరటిపళ్ళు తిని పడుకున్నారు. మావారు నన్ను చూసిన చూపు ఎలాంటిదో మీరు ఊహించుకోగలరు. నాకూ ఏడుపొచ్చింది, అనవసరంగా చెప్పానేమో అని. సాయంత్రం కరెంటు పోతే ఆవిడ పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతున్నాను. చీకట్లో ఉన్నట్టుండి, "మీ మావయ్య ఉంటే నవ్వీవోరు. చేపలు వదిలేసి ఎముకలు తిందిరా అనీవోరు" అన్నారు. నేను ఏమనాలో తెలియక ఊరుకున్నాను. కాసేపాగి, "ఆ గుంట పుట్టినరోజుకి మళ్ళీ చెయ్యి. ఏటేస్తావో ముందు నాకు చూపించు" అన్నారు.

అప్పుడు మొదలుపెట్టాను వెతకడం. జెలటిన్ బదులు మన అగర్ అగర్ ఉంది, కొట్లలో చైనా గ్రాస్ అంటే ఇస్తారు. పేరులో గ్రాస్ ఉన్నా గడ్డి కాదు, సముద్రపు నాచు నుంచి తీసేది. ఈసారి పేరూ గుర్తూ ఉన్న ప్యాకెట్టే తెచ్చాను. ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం, గోధుమ రంగు గుర్తు ఉంటే మాంసాహారం. ఇంట్లో మొక్కులున్న పెద్దవాళ్ళుంటే విడిపొడి జోలికి పోకండి.

అగర్ వల్ల మనకి ఇంకో మేలుంది. జెలటిన్ మన ఒంటి వేడికే కరిగిపోతుంది. నోట్లో అంత బాగుండేది అందుకే, కానీ మన ఎండల్లో బల్ల మీదే కారిపోతుంది. అగర్ ఒకసారి గట్టిపడిందంటే దాదాపు మరిగే వేడి తగిలితే గానీ కరగదు. కరెంటు కోతల ఊళ్ళకి ఇదే సరి. కాకపోతే జెలటిన్‌లా గోరువెచ్చటి నీళ్ళలో కరగదు, మరిగించి తీరాలి. ఇంకో పేచీ, చల్లటి పెరుగులో పోస్తే పోసినచోటే గట్టిపడి ఉండలు కడుతుంది. రెండోసారి నాకు అదే జరిగింది. కేకు నిండా సగ్గుబియ్యంలా ఉండలు! దాన్ని మిక్సీలో వేసి లస్సీ అని చెప్పి మావారికి ఇచ్చాను. తాగేశారు.

ఇక చేసే పద్ధతి. గేదె పాల గట్టి పెరుగు కిలోన్నర తీసుకుని పల్చటి గుడ్డలో మూటకట్టి, రాత్రంతా ఫ్రిజ్జులోనే గిన్నె మీద వేలాడేటట్టు పెట్టండి. బయట పెడితే ఎండకి పులిసిపోతుంది. నీళ్ళు దిగాక ఇందులో అరకిలో ముద్ద కావాలి. లీటరు పాలు నిమ్మరసంతో విరగ్గొట్టి, మెత్తటి పనీర్ తీసుకోండి. నొక్కి గట్టి చెయ్యొద్దు.

అడుగు పొరకి 150 గ్రాముల మేరీ బిస్కెట్లు పొడిచేసి, గుప్పెడు జీడిపప్పు దోరగా వేయించి బరకగా దంచి కలపండి. నేను పలాస పప్పే వాడతాను. మా కన్నవారిది ఉద్దానం, ఒకప్పుడు పప్పు మా తోటలోదే వచ్చేది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను కొబ్బరినీ జీడినీ ఒక్క రాత్రిలో పడగొట్టేసింది. మళ్ళీ వేసిన మొక్కలు ఇప్పుడిప్పుడే అందుకుంటున్నాయి, అందాకా కొనుక్కోవడమే. దీనికి ఐదు పెద్ద చెంచాల కరిగిన నెయ్యి పోసి కలిపితే పిడికిట్లో ముద్దవ్వాలి. వెన్న రాయమంటారు గానీ మన నెయ్యి ఫ్రిజ్జులో చక్కగా పేరుకుంటుంది, వాసన కూడా బాగుంటుంది. అడుగు ఊడే కేకు గిన్నె లేకపోతే ఏడంగుళాల స్టీలు డబ్బాలో బటర్ పేపరు పరచి, ఈ పొడి వేసి గ్లాసు అడుగుతో గట్టిగా అదిమి ఫ్రిజ్జులో పెట్టండి.

పనీర్‌ని మిక్సీలో 200 మిల్లీలీటర్ల క్రీముతో పలుకు లేకుండా తిప్పండి. ఇది ఓపిగ్గా చెయ్యాలి, పలుకులుంటే కలాకండ్ తిన్నట్టుంటుంది. పెరుగు ముద్ద, ముప్పావు కప్పు పంచదార పొడి, చిటికెడు ఉప్పు కలపండి. ఇప్పుడు దాన్ని ఒక అరగంట బయటే ఉంచి చల్లదనం పోనివ్వండి, మరిచిపోకండి. పది గ్రాముల అగర్ ప్యాకెట్టులో సగానికి కాస్త ఎక్కువ తీసుకుని, ఒక కప్పు నీళ్ళలో అరగంట నానబెట్టి, సన్న సెగన మరిగించండి. చెంచాతో పైకెత్తి చూస్తే పోగు కనబడకూడదు. దించి, వేడి కాస్త తగ్గాక ముందు పెరుగులోంచి రెండు గరిటెలు ఈ అగర్‌లో వేసి కలిపి, ఆ తరవాత మొత్తం పెరుగులో పోసి గబగబా తిప్పేయండి. ఆ రెండు నిమిషాలు ఫోను మోగినా, కాలింగ్ బెల్ మోగినా వెళ్ళకండి. డబ్బాలో పోసి నాలుగు గంటలు ఫ్రిజ్జులో పెడితే చాలు.

అరకిలో నేరేడు పళ్ళు అరకప్పు పంచదార, నాలుగు చెంచాల నీళ్ళతో మగ్గబెట్టి, చల్లారాక చేత్తో పిసికి గింజలు తీసేసి జల్లెడ పట్టండి. చెంచా కార్న్‌ఫ్లోర్ నీళ్ళలో కలిపి పోసి చిక్కబడే దాకా ఉడికించి, దించాక నిమ్మరసం పిండండి. వగరు తగ్గి ఊదా రంగు మెరుస్తుంది. పూర్తిగా చల్లారాకే కేకు మీద పోయాలి. చీర జాగ్రత్త, నేరేడు మరక పోదు.

ఇదంతా చేస్తున్నంతసేపూ మా అత్తగారు వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నారు. అగర్ ప్యాకెట్టు మనవరాలి చేత నాలుగుసార్లు చదివించుకున్నారు. దానికి తెలుగు చదవడం రాదు, ఇంగ్లీషులో చదివి, వచ్చీరాని తెలుగులో మామ్మకి అర్థం చెప్పింది. "నాచా? చేప కాదు కదా?" "కాదు మామ్మా, ప్లాంట్!" నేరేడు తిని పాలు తాగకూడదని ఆవిడకి ఒక అనుమానం ఉంది. పెరుగు పరవాలేదని ఆవిడే తీర్పు చెప్పేసుకున్నారు.

పుట్టినరోజు నాడు నాలుగింటికి కరెంటు పోయింది. ఆరున్నరకి గానీ కేకు కొయ్యలేదు, అయినా అది కదల్లేదు. మొదటి ముక్క పాప మామ్మకి పెట్టింది. ఆవిడ నా వైపు ఒకసారి చూసి నోట్లో పెట్టుకున్నారు. "మొన్నటిదే బాగుంది" అన్నారు. నిజమే, అగర్ జెలటిన్ అంత మెత్తగా కరగదు. "ఇదే తింటాలే" అని గిన్నె ఖాళీ చేశారు.

పెరుగు మూటలోంచి దిగిన నీళ్ళు పారబోయకండి. చపాతీ పిండి కలిపితే మెత్తగా వస్తాయి. మా అత్తగారు మాత్రం నా చేత దాంతో మజ్జిగ పులుసు పెట్టించారు, సొరకాయ ముక్కలు వేసి. ఆవిడ లెక్కలో ఆ రోజు అసలు వంట అదే.