టీవీ కొనేముందు మంచం కొలవండి

మా ఇంట్లో మొదటి ఫ్లాట్ టీవీ కొన్నది నేనే. సెకండియర్ అయ్యాక వేసవిలో ఇంటర్న్‌షిప్ చేస్తే రెండు నెలలకి పదహారు వేలు వచ్చాయి. అమ్మ చీటీ డబ్బుల్లోంచి పన్నెండు వేలు కలిపింది. అప్పటిదాకా ఉన్నది 21 అంగుళాల డబ్బా టీవీ. మే నెలలో ఒక రాత్రి పిడుగు పడి అది కాస్తా పోయింది. మెకానిక్ వెనక మూత విప్పి చూసి, "దీని పార్టులు ఇప్పుడు ఎక్కడా దొరకవమ్మా, పాత సామాన్లకి వేసేయండి" అన్నాడు.

టీవీ పోయిన దగ్గర్నుంచి నాన్నమ్మ సీరియల్ టైముకి ఎదురింటికి వెళ్లడం మొదలుపెట్టింది. మధ్యలో కాలువ, దాని మీద ఊగే బండ. జూన్ వానల్లో ఒకసారి దాని మీద కాలు జారింది కూడా. దెబ్బ పెద్దది కాదు గానీ అమ్మకి భయం పట్టుకుంది. "ఈసీఈ చదువుతున్నావు కదరా, నువ్వే చూసి మంచిది తీసుకురా" అన్నాడు నాన్న. ఆ మాట చాలు కదా మనకి!

వారం రోజులు వీడియోలు చూశాను. ఎక్సెల్ షీట్ తయారుచేశాను. ప్యానెల్, రిఫ్రెష్ రేటు, హెచ్‌డీఆర్, ర్యామ్, ఇలా పదకొండు కాలమ్స్. వాటిలో ఒక్కటి కూడా మా ఇంటి గురించి కాదు. ఆ సంగతి అప్పుడు తట్టలేదు.

షాపులో గోడ నిండా టీవీలు. అన్నిట్లోనూ చిలకలు, పూలు, సముద్రాలు. నాకు నచ్చిన 43 అంగుళాల 4కె టీవీలో చిలక ముక్కు కూడా మెరిసిపోతోంది. షాపు లైట్లలో కంటికి ఆనాలని బ్రైట్‌నెస్, రంగులు బాగా పెంచి పెడతారని తర్వాత తెలిసింది. ఇంట్లో అదే మోడ్‌లో వదిలేస్తే మనుషుల మొహాలు టమాటా రంగులోకి వస్తాయి. బిగించాక సెట్టింగ్స్‌లో స్టాండర్డ్‌కో సినిమాకో మార్చుకోవాలి. షాపువాడిని ఆ చిలకని ఆపి మామూలు న్యూస్ ఛానెల్ పెట్టమని అడిగితే ఇంకా మంచిది. నేను అడగలేదు.

ఇంటికి తెచ్చాక మొదటి దెబ్బ షోకేసు. పాత టీవీ కోసం చేయించిన గూడు రెండున్నర అడుగుల వెడల్పు. టీవీ సైజు అంటే తెర ఒక మూల నుంచి ఎదుటి మూలకి కొలత. 43 అంగుళాల టీవీ అడ్డంగా సుమారు 95 సెంటీమీటర్లు, అంటే మూడడుగుల పైనే. గూట్లో పట్టలేదు. దాంతో షోకేసు పైన, గోడకి ఆరడుగుల ఎత్తులో బిగించారు. చూడ్డానికి మాత్రం థియేటర్‌లా ఉంది. ఫోటో తీసి స్టేటస్ పెట్టి కాలేజీకి వచ్చేశాను.

వినాయక చవితికి ఇంటికి వెళ్లాను. బస్సు దిగి వీధి మలుపు తిరిగేసరికి నాన్నమ్మ చీర కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని అదే బండ దాటుతోంది. ఎదురింటి నుంచి వస్తోంది.

"టీవీ పాడైందా?" అని అమ్మని అడిగాను. "లేదురా. ఆవిడ చూడట్లేదు. నీకు చెప్పొద్దంది" అంది అమ్మ.

నాన్నమ్మని అడిగితే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "బొమ్మ బావుంది నాన్నా. మాటలే వినపడవు. అయినా నీ మొదటి సంపాదన, ఏమని చెప్పను?" అంది.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ మంచం మీద ఆవిడలాగే పడుకుని గంటసేపు టీవీ చూశాను. వారం రోజుల వీడియోల కన్నా ఆ గంటలో ఎక్కువ నేర్చుకున్నాను.

మొదటిది, సౌండు. డబ్బా టీవీకి స్పీకర్లు ముందువైపు ఉండేవి. పల్చటి టీవీలో పెద్ద స్పీకర్లకి చోటుండదు, పైగా అవి కిందికో వెనక్కో చూస్తుంటాయి. మ్యూజిక్ మోగుతుంది, మాట గోడలో కలిసిపోతుంది. వాల్యూమ్ పెంచితే మ్యూజిక్కే పెరుగుతుంది. మామూలు చెవులకే ఇలా ఉంటే పెద్దవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. నా ఎక్సెల్ షీట్‌లో సౌండుకి ఒక్క కాలమ్ కూడా లేదు.

రెండోది, దూరం. మంచం నుంచి గోడకి తొమ్మిది అడుగులు. మన చదువు ఇక్కడ పనికొస్తుంది, లెక్క చూడండి. ఫుల్ హెచ్‌డీలో అడ్డంగా 1920 పిక్సెల్స్. 95 సెంటీమీటర్లని వాటితో భాగిస్తే ఒక్కో చుక్క సుమారు అర మిల్లీమీటరు. మామూలు చూపు విడదీసి చూడగలిగేది డిగ్రీలో అరవయ్యో వంతు. ఆ లెక్కన దాదాపు ఐదున్నర అడుగులు దాటితే ఫుల్ హెచ్‌డీ చుక్కలే కనపడవు. ఇక 4కె చుక్కలు ఎవరికోసం? శుక్లాల ఆపరేషన్ అయిన కంటికి, తొమ్మిది అడుగుల అవతల, నేను అదనంగా నాలుగు వేలు పోసి 4కె కొన్నాను.

మూడోది, ఎత్తు. పడుకుని పైకి చూస్తే పది నిమిషాల్లో మెడ పట్టేసింది. పైగా ఎల్‌ఈడీ టీవీ అంటే ఎల్‌సీడీ ప్యానెల్ వెనక ఎల్‌ఈడీ లైట్లు పెట్టిందే. కొన్ని ప్యానెల్స్‌ని కిందనుంచో పక్కనుంచో చూస్తే రంగులు వెలిసిపోతాయి. మాది ఆ రకమే. కూర్చున్న మనిషి కళ్లకి తెర మధ్యభాగం ఎదురుగా ఉండాలి. షాపులో కూడా టీవీ ఎదురుగా నిలబడి కాదు, మీరు ఇంట్లో కూర్చునే వైపు నుంచి చూడండి. ఇక ఎదురుగా ఉన్న కిటికీ మధ్యాహ్నం మొత్తం తెరమీదే కనిపించింది.

నాలుగోది, సెట్ టాప్ బాక్స్. పాత బాక్స్, ఎరుపు తెలుపు పసుపు వైర్లు. పాతకాలపు క్వాలిటీ బొమ్మని పెద్ద తెరమీద సాగదీస్తే మసకగా ఉంది, మనుషులు అడ్డంగా సాగారు. "ఈ పిల్ల ఇంత ఒళ్లు చేసిందేంట్రా అనుకున్నా" అంది నాన్నమ్మ. బాక్స్‌లో వచ్చేది 4కె కానప్పుడు తెర 4కె అయితే ఏం లాభం?

ఇంకోటి, రిమోట్. దాని మీద అంకెలు లేవు. ఆన్ చేయగానే యాప్‌ల పేజీ వస్తుంది. ఆవిడకి కావలసిన ఛానెల్ ఆ పేజీలో ఎక్కడా లేదు.

మూడు రోజుల సెలవులో చేయగలిగింది చేశాను. టీవీని రెండడుగులు కిందికి దించి పక్క గోడకి మార్చాం. పాత కన్నాలు ఇంకా అలాగే ఉన్నాయి. హెచ్‌డీ బాక్స్ పెట్టించి హెచ్‌డీఎంఐ కేబుల్ కలిపాం. ఆన్ చేయగానే నేరుగా ఆ బాక్స్ వచ్చేలా సెట్ చేశాను. హాస్టల్‌లో నేను పాటలు వినే చిన్న స్పీకర్‌ని మంచం పక్కన స్టూలు మీద పెట్టాను. బ్లూటూత్‌లో కలిపితే పెదాలు ముందు కదిలి మాట తర్వాత వస్తోంది. అందుకని హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి పొడుగు వైరు లాగాను. మాట చెవి పక్కనే వినపడేసరికి నాన్నమ్మ ఉలిక్కిపడి స్పీకర్ వైపు తిరిగి చూసింది. తర్వాత సీరియల్ అయ్యేదాకా నాతో మాట్లాడలేదు.

మీలో ఎవరైనా ఈ దసరా ఆఫర్లలో ఇంటికి టీవీ కొనబోతుంటే, ముందు టేపు తీసుకోండి. గోడ, గూడు, మంచం నుంచి దూరం, కిటికీ ఎటువైపు, అన్నీ కాగితం మీద రాయండి. రోజూ ఎక్కువసేపు చూసేది ఎవరో వాళ్లని షాపుకి తీసుకెళ్లండి. రిమోట్ వాళ్ల చేతికే ఇచ్చి ఛానెల్ మార్చమనండి. రేటు తేడా వస్తే చుక్కల మీద కాకుండా సౌండు మీద పెట్టండి. నో కాస్ట్ ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఎంతో అడగండి. డెలివరీ అయిన డబ్బాని బిగించే మనిషి వచ్చాకే తెరవండి, తెర పగిలి ఉంటే అప్పుడే తెలుస్తుంది.

నాన్నమ్మ ఇప్పుడు మా ఇంట్లోనే సీరియల్ చూస్తోంది. అయినా సాయంత్రం ఎదురింటికి వెళ్లడం మానలేదు. సీరియల్ కోసం కాదట, కబుర్ల కోసం. కాలువ మీద బండ మాత్రం నాన్న మొన్న తీయించి కొత్తది వేయించాడు. దానికైన ఖర్చు ఆరు వందలు.