ఫారిన్‌లో మనకేం పని?

ఫారిన్ వెళ్ళాలనే కోరిక గవదబిళ్ళల్లాంటిది. ఇంట్లో ఒకరికి వచ్చిందంటే వారం తిరక్కుండా అందరికీ అంటుకుంటుంది. మా ఇంట్లో ముందు మా అమ్మాయికి వచ్చింది. దాని క్లాసులో ఎవరో సెలవులకి సింగపూర్ వెళ్ళొచ్చారట. తర్వాత మా అబ్బాయికి. ఆ తర్వాత, ఇలాంటివి తన దరిదాపులకి రావని నేను నమ్ముకున్న మా వారికి! ఒక ఆదివారం పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని నోటుబుక్కు ముందేసుకు కూర్చుంటే, పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు కాబోలనుకున్నాను. కాఫీ ఇస్తూ తొంగిచూస్తే అయిదుగురికి సింగపూర్ ఖర్చు! కింద గీత గీసి, మొత్తం వేసి, ఆ మొత్తాన్ని రెండుసార్లు గట్టిగా కొట్టేసి ఉంది.

ఆయన సర్కారు బడిలో లెక్కల మాస్టారు. నేను నవలలు రాస్తాను. తెలుగులో నవలలు రాసే మనిషి రాబడి గురించి మీకు వేరే చెప్పాలా? మేముండేది ఖిల్లా ఘణపూర్. ఇప్పుడు వనపర్తి జిల్లా, 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లా. గుట్టల మీద కాకతీయుల నాటి కోట, కింద గణపసముద్రం చెరువు. ఆ కోట చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. మేం మాత్రం ఇంటికి చుట్టాలొస్తే తప్ప ఆ మెట్లెక్కం. పెరట్లో ఉన్నది చూడకుండా దేశాలు పట్టి పోవడమేమిటని మీరు అడగొచ్చు. అడగండి, ఫరవాలేదు. మా అత్తమ్మ అంతకన్నా పెద్ద ప్రశ్నే అడిగింది.

ముందు డబ్బు సంగతి. చీటీ పాడగా వచ్చిన ఎనభై వేలు బీరువాలో ఉన్నాయి. వంటింటి మీద రేకులు మార్పిద్దామని కట్టిన చీటీ అది. "రేకులు ఇంకో వానాకాలం ఓర్చుకుంటాయిలే" అన్నారు మా వారు. రేకులు ఓర్చుకుంటాయి సరే, వాటి కింద గిన్నెలు పెట్టుకుంటూ వంట చేసే మనిషి ఓర్చుకోవాలిగా! అయినా నేనూ నోరు మెదపలేదు. నాకూ గవదబిళ్ళలు వచ్చేశాయి మరి.

పట్నంలో ఒక ట్రావెల్స్ ఆఫీసుకి ఫోన్ చేస్తే, వాళ్ళు చెప్పిన లెక్కకి మా ఎనభై వేలతో ఒకరు వెళ్ళి మిగతా నలుగురికీ ఫోటోలు పంపించవచ్చు. అప్పుడు తేలింది, మన స్థోమతుకి తగిన విదేశం నేపాల్ అని.

పిల్లల మొహాలు వాడిపోయాయి. వీసా లేదు, పాస్‌పోర్టు అక్కర్లేదు. 1950లో రెండు దేశాలూ రాసుకున్న ఒప్పందం పుణ్యమా అని మనవాళ్ళు అటూ, వాళ్ళు ఇటూ తిరగొచ్చు. పెద్దవాళ్ళకి ఓటరు కార్డు చాలు. పదిహేను నిండి పద్ధెనిమిది నిండని మా అమ్మాయికి హెడ్మాస్టరు గారిచ్చే గుర్తింపు పత్రం. "స్టాంపే పడనిది ఫారిన్ ఎట్లా అవుతుందమ్మా?" అని అది ముఖం ముడుచుకుంది. నేను నా అస్త్రాలన్నీ తీశాను. వేరే రూపాయి, మన వందకి వాళ్ళ నూట అరవై. ఆదివారం కాదు, శనివారం సెలవు. విక్రమ శకం కాబట్టి కేలెండరు మనకంటే 57 ఏళ్ళు ముందు. ఇవేవీ పారలేదు. ఆఖర్న "సరిహద్దు దాటగానే గడియారం పావుగంట ముందుకి తిప్పుకోవాలి" అన్నాను. మా అబ్బాయి లేచి కూర్చున్నాడు. గంట కాదు, అరగంట కాదు, పావుగంట! వాడి లెక్కలో అంతకు మించిన విదేశం ఇక లేదు.

ఎప్పుడు వెళ్ళాలన్నది మరో పంచాయితీ. దసరా సెలవులకి వెళ్దామంటే అక్కడా అదే పెద్ద పండగ, దశైఁ అంటారు. దేశమంతా సొంతూళ్ళకి బయల్దేరుతుంది, బస్సుల్లో చోటుండదు, కొట్లు మూసేస్తారు. సంక్రాంతికంటే ఉత్తరాదిన పొగమంచు, రైళ్ళు ఏ పూటకి చేరతాయో దేవుడికెరుక. మిగిలింది వేసవి. నాగపూర్ దగ్గర రైల్లో ఉడికిపోతాం, కానీ ఖాట్మండు నాలుగున్నర వేల అడుగుల ఎత్తున ఉంది కనక అక్కడ చల్లబడొచ్చని సర్దుకున్నాం. 2024 నవంబరు నుంచి రిజర్వేషను అరవై రోజుల ముందే ఇస్తున్నారు కాబట్టి, కేలెండరులో ఆ తేదీకి సున్నా చుట్టి కూర్చున్నాం. సికింద్రాబాదు నుంచి గోరఖ్‌పూర్‌కి స్లీపరు. అక్కణ్ణుంచి సోనౌలీకి బస్సు. సరిహద్దు కాలినడకన. అవతల లుంబిని, పోఖరా, ఖాట్మండు.

తీర్థానికైనా విహారానికైనా తెలుగువాళ్ళు ప్రయాణాన్ని ఇలా కాగితం మీద పెట్టడం కొత్తేం కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, మా సీమ మీదుగానే హైదరాబాదు చేరి, 1831 సెప్టెంబరుకి ఇల్లు చేరారు. ఏ మజిలీలో ఏం దొరుకుతుందో, ఏం దొరకదో రాసిపెట్టారు. అయితే ఆయన వెంట పెద్ద పరివారం ఉంది, డేరాలు ఉన్నాయి, బోయీలు ఉన్నారు. మా వెంట మా అత్తమ్మ ఉంది. ఆ మాట వెనక పెద్ద కథ ఉంది.

సంగతి చెప్పగానే ఆమె అడిగిన మొదటి మాట, "ఆడ మనకేం పని?"

"పనేం లేదత్తమ్మా, ఊరికే చూసొస్తాం."

"పని లేకుంట గంత దూరం ఎవలన్న పోతరా?"

నవ్వకండి. పాలమూరు మనిషి ఆ మాట అడగడంలో ఒక చరిత్రంతా ఉంది. ఇక్కణ్ణుంచి బయటికి పోవడమంటే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పనికి పోవడం. ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలవ తవ్వినా పాలమూరు లేబరే. అత్తమ్మ, మామయ్య శ్రీశైలం డ్యాం దగ్గర రాళ్ళు మోశారు. తర్వాత బొంబాయిలో మేడలకి తట్ట మోశారు. మా వారు మాస్టారు కావడం ఆ తట్టల చలవే. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ళు వచ్చాక ఇప్పుడు కొంత నయం కాని, ఆ తరానికి ప్రయాణం అన్న మాటకి వలస అనే అర్థం.

సర్కారుకీ అలాగే అర్థమవుతుందని పాస్‌పోర్టు సంగతి వాకబు చేస్తే తెలిసింది. ఎప్పటికైనా పనికొస్తాయి, తీసేద్దామా అని ఒక పూట అనుకున్నాం లెండి. పదో తరగతి పాసు కానివాళ్ళ పాస్‌పోర్టు మీద ఇ.సి.ఆర్. అని ఉంటుంది. అంటే గల్ఫు వగైరా పద్ధెనిమిది దేశాలకి పనికి పోవాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. మోసపోకుండా 1983 చట్టం కింద పెట్టిన కట్టడి అది, మంచిదే. అయితే యాభై ఏళ్ళు దాటినవాళ్ళకి ఆ మాట వెయ్యరు. మా వారు ఈ ముక్క చదివి వినిపిస్తే అత్తమ్మ చేట పక్కన పెట్టింది.

"యాభై దాటితే పని చెయ్యరని గవుర్మెంటోళ్ళకు ఎవలు చెప్పిండ్రు?"

మనిషికి పదిహేను వందలు పోసి పాస్‌పోర్టులు ఇప్పుడెందుకని ఆ ఆలోచన అక్కడే ఆగింది.

అసలు పేచీ అది కాదు. టికెట్లు తీసే రోజు దగ్గరపడేకొద్దీ అత్తమ్మ ఇంటి తాళాలు, బర్రె దాణా, నూనె డబ్బా తన గదిలోకి చేరేసుకోవడం మొదలుపెట్టింది. తను రాదన్నమాట. ఎవరూ ఉండమనలేదు. ఎవరూ అనక్కర్లేదని ఆమె ఉద్దేశం. "పోయెటోళ్ళు పోవాలె, ముసలోళ్ళు ఇల్లు కాయాలె. ఎప్పుడన్న గట్లనే గదా" అంది, ఏమీ నొచ్చుకోకుండా.

ఎప్పుడూ అంతేనన్న మాట నిజం. వలస పోయేవాళ్ళు ముసలివాళ్ళనీ పసివాళ్ళనీ ఊళ్ళో వదిలి పోయేవారు. మా వారికి నాలుగేళ్ళప్పుడు ఆయన్ని వాళ్ళ నానమ్మ దగ్గర వదిలి వీళ్ళు డ్యాం పనికి పోయారట. ఉగాదికి తిరిగొస్తే పిల్లాడు మంచం కిందికి దూరి, "ఈమె ఎవలు?" అని నానమ్మనడిగాడట. ఈ సంగతి నాకు అత్తమ్మ చెప్పలేదు, మా వారూ చెప్పలేదు. పెళ్ళయిన ఏడేళ్ళకి పక్కింటి పెద్దమ్మ చెప్పింది.

ఆ రాత్రి మా వారు తల్లి దగ్గర కూర్చుని, "టికెట్లు అయిదు తీసిన. ఎవల్నీ ఇడిసిపెట్టి పోయేది లేదు" అన్నారు. అంతే అన్నారు. వృద్ధుల రాయితీ 2020 మార్చిలోనే తీసేశారు గనక ఆమె టికెట్టుకీ నిండు చార్జీయే పడింది. మా పద్దులో చెప్పుకోదగ్గ బరువే అది. ఆయన పుస్తకంలో ఆ ఒక్క అంకె దగ్గర మాత్రం కొట్టివేతలు లేవు. బర్రెని పాలు వాళ్ళవే అనే ఒప్పందం మీద పక్కింట్లో అప్పజెప్పాం.

వస్తానన్నాక అత్తమ్మ మా చేతిలోంచి పెత్తనం లాగేసుకుంది. నేను ఇంటర్నెట్టులో చూసి రాసుకున్న సామాను జాబితా ఒకసారి చదివించుకుని "గివన్ని ఎవలు మోస్తరు?" అంది. చక్రాల పెట్టె వద్దంది. మనిషికో సంచి, ఎవరి సంచి వాళ్ళే మొయ్యాలి. వారానికి ఆగే జొన్నరొట్టెలు కటకటలాడేలా కాల్చింది. పల్లీల పొడి, చింతకాయ తొక్కు, ఉల్లిగడ్డలు, ఒక చిన్న కత్తి. డబ్బు ఒకచోట ఉండకూడదని అయిదుచోట్ల కుట్టించింది. అన్నీ వంద నోట్లయితే అవతల పేచీ ఉండదని మా వారంటే, "ఆ మాట నేనెప్పుడో చెప్తి" అంది. స్టేషన్లో నిద్రపోయేటప్పుడు సంచుల మధ్యలో పిల్లలు, పిల్లల చుట్టూ పెద్దలు. పుస్తకాల్లో 'చవక ప్రయాణం' మీద నేను చదివినవన్నీ ఆమె ముందు బాలశిక్షలా తోచాయి.

బయల్దేరిన తెల్లవారుజామున బస్‌స్టాండులో మమ్మల్నీ మా సంచుల్నీ చూసి ఆమె ఈడు మనిషి ఒకామె ఆగింది.

"ఏ మేస్త్రీ తోల్కపోతుండే?"

"మేస్త్రీ లేడు. మా కోడలు తోల్కపోతుంది" అంది అత్తమ్మ. గొంతులో కాస్త దర్జా ఉంది. నాకు సాహిత్య సభల్లో కప్పిన శాలువాలేవీ అంత వెచ్చగా లేవు.

రైలు గురించి రాయను. ముప్పై గంటలకి పైగా స్లీపరులో, ఏప్రిల్ నెలాఖర్న, అయిదుగురం, మీరే ఊహించుకోండి. గోరఖ్‌పూర్‌లో దిగాక ప్లాట్‌ఫారం నడిచినా నడిచినా అయిపోలేదు. 1366 మీటర్లట, 2023లో హుబ్బళ్ళి వచ్చేదాకా ప్రపంచంలో అన్నిటికంటే పొడుగుది అదే. అత్తమ్మ ఎక్కడా ఆగలేదు. నేను రెండుసార్లు ఆగాను.

సోనౌలీ ఒక దుమ్ము బజారు. లారీలు, రిక్షాలు, డబ్బు మార్చే బల్లలు. రోడ్డు మీదే నేపాల్ స్వాగత ద్వారం. మేం అటు పోతుంటే అటునుంచి గుంపులుగా జనం ఇటు వస్తున్నారు. మగవాళ్ళు, కుర్రాళ్ళు, నెత్తిన మూటలు. అత్తమ్మ టక్కున ఆగిపోయింది. "వీళ్ళు పనికి పోతున్రు" అంది. ఎవరూ చెప్పలేదు, మూట కట్టిన తీరు చూసి పట్టేసింది. వాళ్ళలో ఒక పడుచుపిల్ల చంకలో బిడ్డనెత్తుకుని నీడకి నిలబడి ఉంది. అత్తమ్మ తన బొంబాయి హిందీలో ఎక్కడికని అడిగింది. ఆ పిల్ల కూడా బొంబాయికే. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు సగమే తెలిసింది. మా జొన్నరొట్టెల్లో సగం అటు వెళ్ళిపోయాయి. మా వారు పద్దు పుస్తకం తియ్యబోయి మానేశారు.

"బిడ్డను ఎంట తోల్కపోతుంది" అంది అత్తమ్మ, నాతోనో, ఆయనతోనో.

మా అబ్బాయి అప్పటికే ద్వారం దాటేసి, అవతలి నుంచి చెయ్యెత్తి గడియారం చూపిస్తున్నాడు. అత్తమ్మ సంచి నెత్తికెత్తుకుంది. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు.