ఎడమ చెవి

మిరపకోతల రోజులు. కల్లూరుకి అవతల, అడవి అంచు పల్లె నుంచి ఒకామె చెవిపోటని వచ్చింది. ఆమె నోరు తెరవకముందే పక్కనున్న భర్త అందుకున్నాడు: "నీళ్ల బిందెతో జారిపడ్డది డాక్టరమ్మా." లైటు వేసి చూశాను. ఎడమ కర్ణభేరికి చిల్లు. అంచులు చిరిగిన కాగితంలా ఉన్నాయి, పక్కన సన్నటి నెత్తురు చార. జారిపడితే మోచేయి చెక్కుకుపోతుంది, నడుం పట్టేస్తుంది. ఈ చిల్లు వేరు. అరచేయి చెవిమీద ఫట్‌మని పడితే, లోపలికి దూసుకెళ్లే గాలికి కర్ణభేరి చిరుగుతుంది. కుడిచేతి వాటం మనిషి ఎదురుగా నిలబడి కొడితే తగిలేది ఎడమ చెవికే.

ఇదంతా తెలిసీ చీటీ మీద "జారిపడింది" అని రాశాను. చెవిలో నీళ్లు పోనివ్వొద్దు, కొన్ని వారాల్లో అదే పూడుతుందని చెప్పి పంపేశాను. ఏడాది తిరక్కుండా ఆమె కేసు వేసింది. అవతలి వకీలు తీసి చూపించింది నా చీటీనే.

గృహహింస చట్టం 2005 నాటిది. దాని కింద 2006లో వచ్చిన నియమాల్లో ఆస్పత్రి ఏం చెయ్యాలో స్పష్టంగా ఉంది. ఫిర్యాదు ఇవ్వలేదన్న సాకుతో వైద్యం కాదనకూడదు. గృహహింస నివేదిక అప్పటికి ఎవరూ రాయకపోతే ఆస్పత్రే రాసి రక్షణాధికారికి పంపాలి. పరీక్ష రిపోర్టు నకలు ఆమెకు ఉచితంగా ఇవ్వాలి. నేనిది చదివింది ఆ చీటీ తర్వాతే.

ఇప్పుడు వెంట వచ్చినవాళ్లను బయట బెంచీమీద కూర్చోబెట్టి, తెర వేశాకే అడుగుతాను: "ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నారా అమ్మా?" చాలామంది చెప్పే జవాబు ఒకటే. "తాగినప్పుడే డాక్టరమ్మా." ఆ "అప్పుడే" దగ్గర నా గొంతు పూడుకుపోతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆడవాళ్లు నూటికి 84 మంది, ఏదో ఒక కారణం ఉంటే మొగుడు కొట్టడం సబబేనన్నారు.

నాకు అన్నిటికన్నా భయం, దెబ్బలు తట్టుకోలేక వాళ్లు తాగే పురుగుమందు. పత్తి, మిర్చి వేసే ఇళ్లలో డబ్బా చేతికందేంత దూరంలోనే ఉంటుంది. కడుపు కడిగి, అట్రోపిన్ ఎక్కించి నిలబెట్టిన మనిషిని మళ్లీ అదే గడపకి పంపడం వైద్యమెలా అవుతుంది? హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం ఖమ్మంలో ఉంది. కానీ అక్కడిదాకా బస్సెక్కాలంటే ఇంట్లో ఏం చెప్పి రావాలి? ముంబై బాంద్రాలోని భాభా ఆస్పత్రిలో 2000లోనే, ఆస్పత్రి లోపలే, "దిలాసా" పేరుతో ఇలాంటి ఆడవాళ్లకోసం కేంద్రం పెట్టారు. ఆస్పత్రికి పోయొస్తానంటే ఎవరూ అడ్డుపడరు. సత్తుపల్లిలో, పెనుబల్లిలో అలాంటి గది ఒకటి ఉండాలి.

మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు కాగితం మీద రాసివ్వను. రెండుసార్లు నోటితో చెప్పిస్తాను.

మొన్న ఒకామెకి "భర్త చెంపమీద కొట్టాడని ఆమె చెప్పింది" అని తేదీ, టైము వేసి రాశాను. నకలు చేతికిస్తే తీసుకోలేదు. "ఇంటికి తీసుకుపోతే పొయ్యిలో పెడతాడు. మీ దగ్గరే ఉంచండమ్మా" అంది. బీరువా కింది అరలో పెట్టి తాళం వేశాను.