ఆకూ మనదే, మాత్రా మనదే

ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దలంటారు. ఆస్తిపాస్తులు లేని ఇళ్ళ నుంచి ట్రంకుపెట్టె మోసుకుని హాస్టలుకు వచ్చిన మాలాంటి వాళ్ళకు ఇది ఉత్త సామెత కాదు. పరీక్షల ముందు పది రోజులు మంచం పడితే ఒక సంవత్సరం పోతుంది. సంవత్సరం పోతే ఇంటి దగ్గర "చదివింది చాలు, పనికి రా" అనే మాట వస్తుంది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేమే కనుక ఆ భయం మాకు బాగా తెలుసు.

ఇప్పుడు పట్నంలో ఎక్కడ చూసినా సహజ జీవనం అంటున్నారు. రాగి పిండి, మునగాకు పొడి అందమైన డబ్బాల్లో పెట్టి అమ్ముతున్నారు. చూస్తే మాకు నవ్వొస్తుంది. అమ్మ కూలికి పోయే ముందు పొయ్యి మీద కాచి పెట్టిన తైదల అంబలి, దొడ్లో దూసుకొచ్చి వండిన మునగాకు అవే కదా! వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే బియ్యంలో పది మిల్లీగ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. కాబట్టి అంబలి తాగి పెరిగామని చెప్పడానికి ఎవరూ తల దించుకోనక్కర్లేదు.

అయితే ఆకును నమ్మడమంటే మందును కాదనడం కాదు. హాస్టళ్ళకు పాత చుట్టం గజ్జినే తీసుకోండి. చర్మంలో బొరియలు చేసి గుడ్లు పెట్టే అతి చిన్న పురుగు వల్ల అది వస్తుంది. వేపాకు నీళ్ళ స్నానాన్నే నమ్ముకుని కూర్చోకూడదు. మేము ఇంటర్లో ఉన్నప్పుడు మా గదిలో పదకొండు మందిమి. డాక్టరు రాసిన పర్మెత్రిన్ మందును, దురద లేనివాళ్ళతో సహా అందరం ఒకే రాత్రి మెడ నుంచి అరికాళ్ళ దాకా పూసుకున్నాం. చేయి అందదు కనుక ఒకరి వీపుకు ఒకరం పూశాం. తెల్లారి కాగులో నీళ్ళు కాచి బట్టలు, దుప్పట్లు ఉతికి డాబా మీద ఎండేశాం. వారం తర్వాత మళ్ళీ పూసుకున్నాం. దురద పూర్తిగా పోవడానికి మూడు వారాలు పట్టినా, గజ్జి పోయింది. ఒక్కరే పూసుకుని ఉంటే పోయేది కాదు. సిగ్గుతో దాచుకుని, ఇంటికి వెళ్ళి, తిరిగి బడికి రాని పిల్లలను కూడా మేము చూశాం. అందుకే ఈ మాట ఇంత వివరంగా రాస్తున్నాం.

ఇంకొకటి, వారానికొకసారి ఇచ్చే నీలి రంగు మాత్ర. 10 నుంచి 19 ఏళ్ళ వారి కోసం అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, దానితోపాటు ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. వికారమని కొందరు కిటికీలోంచి విసిరేస్తారు. ఫోలిక్ ఆమ్లాన్ని 1941లో పాలకూర ఆకుల నుంచి వేరుచేశారు. ఆకు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచే దానికా పేరు వచ్చింది. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికాలోని లెడర్లీ బృందానికి నాయకుడు, 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆకుకూరను మెచ్చుకుని మాత్రను పారేయడం ఏం న్యాయం? అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. ఆ వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. పప్పులో నిమ్మరసం పిండుకుంటే బాగా పడుతుంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! జ్వరమొచ్చినా, దురదొచ్చినా, మనసు బాగా లేకపోయినా దాచుకోకండి. పక్క మంచం మీది నేస్తానికి చెప్పండి, వార్డెన్ గారికి చెప్పండి. పూర్వ విద్యార్థులకు మా మనవి ఒక్కటే. వచ్చే వానాకాలం మొదట్లో తలా ఒక మునగ కొమ్మ తీసుకుని రండి. వంటగది వెనుక, స్నానాల నీళ్ళు పారే చోట నాటుదాం. ఏడాది తిరిగేసరికి పిల్లల పప్పులోకి ఆకు దొరుకుతుంది.