కోడి యెత్తున నిలిచిన గాలి

పశువైద్యునిగా తణుకు ప్రాంతమున నేను గడపిన తొలి సంవత్సరములలో కోడిజబ్బులను గూర్చి నాకు తెలిసినదెల్ల సూక్ష్మజీవుల పేర్లే యనిన అతిశయోక్తి కాదు. గురక వినిన నొక పేరు, ముక్కునుండి చీమిడి కారిన మరియొక పేరు. పేరు తోచినదే తడవుగా దానికి తగిన మందుచీటీ. చీటీ వ్రాసిన పిమ్మట నా పని తీరినదను నిశ్చింత. ఆ నిశ్చింతను ఊక తిరగవేయు పార చేతబట్టిన యొక కూలి ముసలమ్మ ఒక ఉదయమున పోగొట్టినది.

అది మార్గశిరమాసము. ఊరికి దూరముగా చెరువుగట్టు ప్రక్కన మూడువేల పిల్లల షెడ్డు. వరియూక పరచిన నేలపై నెలనాటి పిల్లలు. చలికి బిడ్డను దుప్పటిలో చుట్టు తల్లివలె ఆ రైతు నలువైపుల గోనెపట్టాలు దించి, ఇసుమంత గాలియైనను చొరకుండ కట్టివైచియుండెను. మొదటి రాత్రి నేను దీపము లార్పించి, పిల్లలు సద్దుమణిగినదాక ద్వారముకడ నిలిచి చెవియొగ్గి వింటిని. ఎసరు కుండలో మూతక్రింద కుతకుతలాడినట్లు చీకటిలో నొక మూల గురక, దానికి బదులు చెప్పినట్లు వేరొక మూల తుమ్ము. రైతులు సి.ఆర్.డి. యని పొట్టిగా పిలుచు మైకోప్లాస్మా జబ్బని అప్పుడే నిశ్చయించుకొనవలసియుండగా, ఆ వయసున నాకు పెన్సిలిన్ మీద గల భక్తి ముందు నిలిచినది. ఐదు దినములు వాడించితిని. గురక ఇంచుకయు తగ్గలేదు. పెన్సిలిన్ సూక్ష్మజీవి తనచుట్టు కట్టుకొను గోడను కట్టనీయక చంపు మందు. మైకోప్లాస్మాకు ఆ గోడయే లేదు. గోడలు పడగొట్టువానిని గుడారమునకు పంపిన ఏమి చేయగలడు? మందుల దుకాణమువానిమీద అనుమానపడి, అటుపై పుస్తకము తెరచి సిగ్గుపడి, టైలోసిన్ కు మార్చితిని. గురక తగ్గినది, మందు ఆపిన వారమునకే మరల మొదలైనది. ఈ జబ్బు తల్లికోడినుండి గ్రుడ్డుద్వారా పిల్లకు సంక్రమించును గనుక పిల్లల నమ్మిన హేచరీని తిట్టుటకు రైతునకు కారణము దొరకినది. నిజము చెప్పవలెనన్న, ఆ కారణము నాకును అనుకూలముగనే యుండెను.

మూడవ పర్యాయము నేను షెడ్డు నడుమ నిలిచి రైతుతో మందుమోతాదు చర్చించుచుండగా ఆ ముసలమ్మ పార నేలకానించి, "నిలబడితే ఏం తెలుత్తాది బాబూ, ఓపాలి కింద కూకుని సూడండి" అన్నది. రైతు ఆమెను కసరుకొనెను. నేను మాత్ర మెందుచేతనో గొంతుక్కూర్చుంటిని. నిముషము గడవకముందే కన్నులు మండి నీరు కారినవి. గొంతులో నెవరో సున్నము పూసినట్లైనది. నిలిచినప్పుడు లీలగా తోచిన ఘాటు పిల్లల తల లుండు జానెడెత్తున నొక తెరవలె పరచుకొనియున్నది. నీటితొట్లు కారి తడిసిన ఊకలో రెట్ట కుళ్లి పుట్టిన అమ్మోనియా అది. పుట్టుచోటనే దాని తీవ్రత హెచ్చు. మేము రోజునకు పది నిముషములు అయిదడుగుల ఎత్తున పీల్చిన గాలిని చూచి షెడ్డు బాగున్నదనుకొనుచుండగా, పిల్లలు రాత్రింబవళ్లు ఆ తెరలోనే మెలగుచుండెను.

కోడి శ్వాసనాళము లోపలిగోడను కంటికానని నూగు కప్పియుండును. గాలితో వచ్చిన దుమ్మును, సూక్ష్మజీవిని పలుచని జిగురు పట్టుకొనగా, ఆ నూగు వరిచేను గాలికి వంగినట్లు ఒకే దిశకు వంగుచు జిగురును పైకి తోసివేయును. దేహరక్షణకు మొదటి కావలి యదియే. పదిలక్షల పాళ్ల గాలిలో అమ్మోనియా 20 పాళ్లకు మించి వారములతరబడి నిలిచెనా, ఆ నూగు దెబ్బతినును. లోపలి కావలి సంగతి మరింత చిత్రమైనది: మన ఊపిరితిత్తులలో సూక్ష్మజీవులను మ్రింగు కణములు ఎల్లప్పుడు కాపురముండును, కోడి ఊపిరితిత్తులలో అట్టివి బహుస్వల్పము, ఆపద వచ్చి కేకవేసినప్పుడు నెత్తుటినుండి పరుగెత్తి రావలసినదే. ఆ దినముననే గోనెపట్టాల పైభాగము మూరెడు దించి, తడియూక తీయించి, తొట్లు బాగుచేయించితిమి. మందు మారలేదు, మోతాదు మారలేదు. పది దినములకు రాత్రి షెడ్డు నిశ్శబ్దమైనది.

ఆ బ్యాచిలో చనిపోయిన పిల్లలను కోసి రైతునకు చూపితిని. కోడికి మనవలె పొట్టకును రొమ్మునకును నడుమ కండరపు తెర లేదు. ఊపిరితిత్తులు ప్రక్కటెముకల కంటుకొని కదలక యుండగా, దేహమంతట వ్యాపించిన తొమ్మిది గాలితిత్తులు కొలిమితిత్తులవలె గాలిని నడపును. ఆరోగ్యవంతమైన కోడిలో అవి సబ్బునీటి బుడగ పొరవలె, వెనుకనున్న ప్రేవు కనబడునంత తేటగా నుండును. ఈ పిల్లలలో అవి మసకబారి, మందమెక్కి, నడుమ పసుపుపచ్చని జున్నుముక్కలు పేరుకొనియున్నవి; గుండెపై, కాలేయముపై మీగడ కట్టినట్లు పొర. మైకోప్లాస్మా తెరచిన ద్వారమున ఈ-కోలై చొరబడిన గురుతులు.

ఆ జున్నే కోడి చీము. మన చీము కరగి, పక్వమై, పగిలి బయటికి పోవును. కోడి తెల్లకణములలో అట్లు కరగించు సాధనములు కొన్ని లేనందున దాని చీము గడ్డకట్టి అక్కడనే నిలుచును. శత్రువును చుట్టుముట్టి కోట కట్టుట దాని యుద్ధనీతి. ఆ కోటయే గాలిదారి నడుమ లేచినప్పుడు ఊపిరికి అడ్డము. మందు ఆ ముద్దలోనికి చొరదు, దగ్గినను అది రాదు. "ఇంత మందు పోసినా ఇది కరగలేదా అండీ?" యని రైతు ఆ ముక్కను పుల్లతో పొడిచి చూచుచు అడిగెను.

1990ల ప్రారంభమున గంబోరో తెగులు మన కోళ్లఫారములను ఊడ్చిపెట్టిన కాలమున మరియొక పాఠము. కోళ్లు పెంచు ఒక ఇల్లాలు తన పిల్లలకు కంటిచుక్క టీకా తానే వేయునది. చుక్క వేసి వదలివేయక, పిల్ల రెప్పవాల్చి ఆ చుక్కను లోనికి తీసికొనుదాక అరచేత నిలిపియుంచునది. కంటి మూడవరెప్ప వెనుక రక్షణకణములు గుమిగూడిన గ్రంథి యొకటి కలదని ఆమెకు తెలియదు. తెలిసిన వైద్యులు సైతము అంత శ్రద్ధగా వేయుట నేను చూడలేదు. అయినను ఐదవవారమున పిల్లలు గురకతో రాలిపోసాగినవి. కోసి చూడగా ఊపిరిలో నాకు తెలిసిన దృశ్యమే. రెట్టద్వారము పైనుండు చిన్న సంచిని వెదకితిని. ఆ వయసున పెద్ద రేగిపండంత యుండవలసినది సెనగగింజంతయై ముడుచుకొనియున్నది. గంబోరో క్రిమి సద్దుచేయక వచ్చి ఆ సంచిని తిని పోయినది.

ఆ సంచికి పేరు పెట్టబడిన ఫాబ్రిషియస్, ఇటలీలోని పాదువా నగరపు శరీరశాస్త్రాచార్యుడు, విలియం హార్వేకు గురువు. దాని నాతడు పుంజు బీజమును పెట్ట దాచుకొను తిత్తి యనుకొనెను. ఆతడు 1619లో మరణించగా ఆ రచన 1621లో వెలువడినది. అటుపై మూడువందల యేండ్లకు పైగా దాని అసలు పని యెవరికిని తెలియదు. అమెరికాలో బ్రూస్ గ్లిక్ అను విద్యార్థి ఆ సంచిని తొలగించి పెంచిన కోళ్లను చాంగ్ అను సహచరుడు తరగతిలో ప్రదర్శనకై అడిగి తీసికొని సాల్మొనెల్లా పదార్థము నెక్కించగా, ప్రతిరక్షకము లేవియు పుట్టలేదు. ప్రసిద్ధ పత్రిక యొకటి ఆ వ్యాసమును త్రిప్పిపంపగా 1956లో అది కోళ్లశాస్త్రపు పత్రికలో అచ్చైనది. నేటి వైద్యవిద్యార్థులు 'బి కణములు' అనునప్పు డా 'బి' కోడి తోకక్రింది ఈ సంచి పేరునుండి వచ్చినదే. ఆ ఇల్లాలి టీకాలో లోపము లేదు. టీకాను అందుకొని ఆయుధములు చేయవలసిన కొలిమి ముందే చల్లారినది. అది ఆమెకు చెప్పుటకు నాకు చాలసేపు పట్టినది.

ఇక పుంజుల సంగతి. పందెములయెడ నాకు గౌరవము లేదు; పుంజులయెడ కలదు. ఒక సంక్రాంతికి ఇరువది దినములముందు కాకిడేగ నొకదానిని తువాలులో చుట్టి తెచ్చిరి. మొగము వాచి, ఎడమకన్ను మూసికొనిపోయి, ముక్కునుండి దుర్గంధముతో చీమిడి. కొరైజా, అనగా కోడిజలుబు. మందునకు వారములో తేరుకొన్నది. దానిని వేరుగా నుంచుడు, కోలుకొన్న కోడి ఆ క్రిమితో సంధిచేసికొని దానిని మోయుచునే యుండునని చెప్పితిని. "తగ్గిపోయింది కదండీ, ఇంకా విడిగా ఎందుకండీ" యని యజమాని నవ్వెను. తిరిగి వచ్చుటకు నాలుగు దినములు పట్టలేదు. అదే తువాలు, లోపల సేతువ పుంజు, మూసికొన్న కన్ను. మొదటిది ఎట్లున్నదని అడిగితిని.

"దానికేమండీ, తెల్లారకుండానే చూరెక్కి కూస్తంది" అన్నాడు.