సన్నరంపముతో మా తొలి చిలుక

బాన్సువాడలో మా నాయనమ్మగారి గూటిలో నిర్మల్ పొనికికొయ్య చిలుకలు రెండుండెడివి. అన్నదమ్ములమగు మేము ఒకదానిని క్రిందఁ బడవేసి విఱుగఁగొట్టితిమి. ఆమె యొక్క మాటయు ననలేదు, మాకదియే దుస్సహమాయెను. మాఱుగా నొకటి చేయనెంచి, సన్నరంపము సంపాదించి, పలుచని పలకపై చిలుకబొమ్మ గీసిన కాగితమంటించి కోయఁదొడఁగితిమి. (మెత్తని పొనికి మాకు దొరకలేదు.) తొలినాఁడే మూడు రంపపుటాకులు విఱిగినవి! మలుపులయందు రంపమును బలిమిఁ ద్రోయుటయే మా తప్పు. రంపమును నిలువుగా నాడించుచు పలకను మెల్లగాఁ ద్రిప్పవలెను. ఆకు బిగువుగా నుండవలెను. దాని పండ్లు క్రిందికిఁ జూడవలెను. కంటికైనచో ముందు బెజ్జము వేసి, ఆకు నొకకొన విప్పి, అందు దూర్చి, మరల బిగించి కోయవలెను. ఆ యొక్క కంటికే మాకు రెండాదివారములు పట్టినవి. నిర్మల్ చిలుక గుండ్రము, మాది చదును, తోఁకయు వంకర. నాయనమ్మగారు దానిని మొదటిదాని ప్రక్కనే గూటిలో నిలిపిరి.