మేనకోడలి పెళ్లిరోజే నా పరీక్ష

1998లో డిగ్రీ మొదటి సంవత్సరం సగంలో ఉండగా నాకు పెళ్లయింది. పుస్తకాలు పుట్టింటి అటకెక్కాయి. పాతికేళ్లు దాటాక, మా పెద్దమ్మాయి ఉద్యోగంలో చేరిన ఏడాది, "అమ్మా, ఆపేసిన చదువు పూర్తి చెయ్యరాదూ" అంటూ తనే నాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో అప్లికేషన్ పెట్టింది. 1982లో మొదలైన ఈ విశ్వవిద్యాలయం దేశంలో సార్వత్రిక విశ్వవిద్యాలయాలన్నిటికీ పెద్దక్క. ఇంటర్ పాసైన వాళ్లు నేరుగా డిగ్రీలో చేరొచ్చు. తెలుగులోనే చదువుకోవచ్చు.

నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. ఆదివారం క్లాసంటే ఆ రోజు గిరాకీ పోయినట్టే. మా వారు అడ్డు చెప్పలేదు గానీ, "ఈ వయసులో నీకు ఉద్యోగం ఎవరిస్తారోయ్?" అన్నారు. ఉద్యోగం కోసమని నేనెప్పుడన్నాను?

క్లాసులో ఒక బస్సు కండక్టరు, ఒక అంగన్‌వాడీ టీచరు, చంటిబిడ్డ తల్లి ఒకామె. ఒకసారి 73వ రాజ్యాంగ సవరణ పాఠం వచ్చింది. 1992లో చేశారట. పంచాయతీ సీట్లలో మూడోవంతుకు తగ్గకుండా ఆడవాళ్లకి ఉండాలి. మా పిన్ని వార్డు మెంబరైనప్పుడు ఊరి పెద్దలు దయతలిచి నిలబెట్టారనుకున్నాం. అది చట్టం ఇచ్చిన హక్కు! ఫోన్ చేసి చెప్తే, "నాకు తెల్సులేవే" అని నవ్వింది.

చదవడం కంటే రాయడమే కష్టమండీ. సూదికి అలవాటైన చెయ్యి పెన్నుకి లొంగదు. ఇడ్లీలు ఉడికేలోగా రోజూ ఒక పేజీ రాసేదాన్ని. పాత డైరీలు మూడు నిండాయి. చదువుకోవాలనుకునే వాళ్లు ముందు ఈ అలవాటు చేసుకోండి.

హాల్ టికెట్టు వచ్చిన వారమే మా ఆడబిడ్డ కూతురి శుభలేఖ వచ్చింది. ముహూర్తం రాత్రికి, నా పరీక్ష అదే రోజు మధ్యాహ్నం. పెళ్లికూతుర్ని బుట్టలో తెచ్చే మేనమామ పక్కన భార్య లేకపోతే ఎలా అని వదిన బాధ. "పరీక్షదేముంది, మళ్లీ రాసుకోవచ్చు. పెళ్లి మళ్లీ రాదుగా" అంది. ఆ మాటలో తప్పు లేదు. కానీ 1998లో కూడా నాకు సరిగ్గా ఇదే చెప్పారు, పరీక్షలు మళ్లీ రాసుకోవచ్చని.

రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. పెళ్లికూతురి బ్లౌజులన్నీ నేనే కుట్టాను. ముందు రోజే వెళ్లి పిండివంటల్లో చెయ్యేశాను. తెల్లారి పెళ్లికూతుర్ని చేశాక, చేతుల పసుపు వదలకుండానే బస్సెక్కాను. పరీక్ష రాసి మండపానికొచ్చేసరికి దీపాలు పెట్టేశారు. వదిన నా వైపు చూడలేదు. అత్తమ్మ మాత్రం దగ్గరికొచ్చి, "అన్నీ రాశావా?" అంది. రాశానన్నాను. "అయితే చీర మార్చుకో, బుట్ట దగ్గరికి పోవాలి" అంది.

నేను పాసయ్యాను. వచ్చే పరీక్షల ఫీజు కూడా కట్టేశాను. వదిన ఇంకా ముభావంగానే ఉంటుంది. నిన్న మాత్రం కొడుకుతో రెండు బ్లౌజు గుడ్డలు పంపింది. కొలతలు పంపలేదు, నాకు తెలుసుగా.